తుమ్మలవాగు ఆఖరి గుక్క

తుమ్మలవాగులో నీళ్ళు పారేది వానలున్న నాలుగు నెలలే. తక్కిన కాలమంతా ఇసుకే. అయినా ఆ అడవిలో దాహంతో చచ్చిన జంతువు లేదంటే, అది చెలమల చలవ. మోదుగులు ఎర్రబడే వేళకు ప్రతి కుటుంబమూ వాగులో తన చోట ఇసుక తోడి చెలమ తీసుకోవాలి. రాత్రంతా ఎంత ఊరితే పొద్దున్న అంతే తాగాలి. మృగశిర వానలు పడ్డ రోజున ఆ చెలమలో ఆఖరి గుక్క తాగి, దాన్ని తన చేత్తోనే పూడ్చి, వాగుకు దణ్ణం పెట్టి ఇంటికి పోవాలి.

ఇంకో ఆచారం కూడా ఉంది. వాగు కింది మలుపులో ఒక నల్లబండ ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా అడ్డంగా పరుచుకుని ఉంటుంది. ఆ బండ నడుమ ఒక పెద్ద నెర్రె. వానలు వెనకబట్టగానే ప్రతి జంతువూ బంకమట్టి ముద్ద ఒకటి తెచ్చి ఆ నెర్రెలో కుక్కాలి. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. తాతలు పెట్టారు గనక పెడతారు.

ఈ ఆచారాలన్నిటికీ తానే కాపలాదారుణ్ణని అనుకునేవాడు గుబురయ్య అనే ముసలి ఎలుగుబంటి. మనసు వెన్నే గానీ నోరు వేపాకు. కొత్త మాట ఏది చెవినబడ్డా, సగం వినకముందే "వద్దు" అనేవాడు. ఇప్పచెట్ల దగ్గరికి అడ్డదారి వేద్దామంటే, దారి పడితే దాని వెంట వేటగాళ్ళొస్తారని వద్దన్నాడు. దారి పడింది, ఒక్క వేటగాడూ రాలేదు. చిరుతపులి జాడ తెలియడానికి నెమళ్ళను కాపలా పెడదామంటే, ఆ కూతలకు నిద్ర చెడుతుందని వద్దన్నాడు. నెమళ్ళు కూసి ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో అందరికీ తెలుసు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పిల్లకుందేళ్ళు కూడా ఆయన్ని చూసి నవ్వేవి.

ఆయన ఆ నవ్వులకు వెరిచేవాడు కాదు. ఆయన భయమల్లా భార్య తేనమ్మ గురించే. నిరుడు తొర్రతేనెకని కొండెక్కి జారిపడి ఆవిడ వెనక కాలు విరిగింది. గుహ నుంచి వాగు దాకా కుంటుకుంటూ రావడమే గగనం. వాగులో నీళ్ళు లేకపోతే తక్కినవాళ్ళు రెండు కొండలు దాటి పెద్దేటికి పోతారు. తేనమ్మ పోలేదు. ఆ మాట గుబురయ్య ఎవరితోనూ అనలేదు గానీ, చెలమ దగ్గర వంగిన ప్రతిసారీ ఆయన మనసులో మెదిలేది అదే.

ఆ యేడు అడవికి పెద్దగా ఉన్న సింహం కాలం చేసింది. నక్క వన్నెలయ్య ముందుకొచ్చి, "నన్ను వేపపూత రాలేదాకా పెద్దగా పెట్టుకుని చూడండి. నచ్చితే పదవి ఖాయం చెయ్యండి, లేకపోతే దింపెయ్యండి," అన్నాడు. పోయేదేముందిలే అని అందరూ సరేనన్నారు. వన్నెలయ్య తాను పెట్టిన మొదటి సభలోనే తన పథకం బయటపెట్టాడు. దాని పేరు 'తవ్వకుండా తాగుదాం'.

"అన్నలారా, అక్కలారా," అన్నాడు బండ మీద నిలబడి. "తెల్లారకముందే లేచి ఇసుక తోడుకునే ఖర్మ మనకెందుకు? గోళ్ళరిగిపోయేలా తవ్వితే వచ్చేది దోసెడు నీళ్ళు. మన వాగు కింద ఎన్ని నీళ్ళున్నాయో తెలుసా? అవన్నీ ఇసుక కింద నిద్రపోతున్నాయి. నిద్రపోయే నీళ్ళు ఎవరికి లాభం? నీళ్ళు కదలాలి. ఆ నెర్రెలో మట్టి తీసేస్తే ఎండాకాలంలో కూడా వాగు పారుతుంది. నడుం వంచకుండా తాగొచ్చు."

సభంతా గుసగుసలు. గుబురయ్య లేచి నిలబడ్డాడు.

"వద్దు," అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. ఆ మాట ఎప్పుడొస్తుందా అనే అంతా ఎదురు చూస్తున్నారు.

"ఎందుకొద్దు మావా?" అన్నాడు వన్నెలయ్య మర్యాదగా.

గుబురయ్య నోరు తెరిచాడు. "మా తాత ఆ నెర్రెలో ముద్ద పెట్టాడు. మా నాన్న పెట్టాడు. ఊరికే పెట్టరు గదా?"

"ఏమో, ఊరికే పెట్టారేమో. నువ్వడిగావా?"

"అడగలేదు."

"అడగనివాడివి, మమ్మల్ని అడగొద్దంటావా? నీ పెద్దలంటే నాకూ గౌరవమే మావా. కానీ వాళ్ళు మట్టి పెట్టారని మనం తరతరాలూ మట్టి మోస్తూనే ఉండాలా? ఇప్పదారికి వద్దన్నావు. నెమళ్ళకు వద్దన్నావు. రేపు వాన పడినా వద్దంటావు."

సభకు పెద్దరికం వహించిన దుప్పి కొమ్ములయ్య చేతులెత్తమన్నాడు. గుబురయ్యది తప్ప అన్ని కాళ్ళూ లేచాయి. మధ్యాహ్నానికల్లా అడవిపందులు నెర్రెలో మట్టిని కోరలతో పెళ్ళగించేశాయి. బండ సందులోంచి మొదట బురద, తరవాత తేట నీళ్ళు బుసబుసమని దూకి కింది వాగులో పారాయి. కుందేళ్ళు గెంతులు వేశాయి. గోరింకైతే చెట్టుచెట్టుకూ ఎగిరి వన్నెలయ్య పేరు చాటింది. మేడిచెట్టు కాయలన్నీ దానికే రాసిచ్చాడు మరి వన్నెలయ్య. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ మేడిచెట్టు అందరిదీ.

గుబురయ్య మాత్రం మర్నాడు పొద్దున్నే తన చెలమ దగ్గరికే వెళ్ళాడు. చెయ్యి పెట్టి చూశాడు. ఎప్పుడూ మణికట్టుకు తగిలే నీళ్ళు ఇంకాస్త కిందికి పోయాయి.

"ఇంకా తవ్వుతున్నావా తాతా?" అంది కుందేలు చెంగమ్మ, కింది వాగు నుంచి మూతి తడుపుకుని వస్తూ.

"అలవాటే అమ్మా. మీ చెలమ చూసుకున్నావా?"

"దాంతో పనేముంది? పారే నీళ్ళుంటే ఊటకు కూర్చోవాలా?"

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇది వాగు. దానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"నీకు మంచి కనబడదు తాతా," అని చెంగమ్మ గంతులేసుకుంటూ పోయింది.

గుబురయ్య ఆలోచనలో పడ్డాడు. ఆ పిల్ల అన్నది నిజమేనేమో. దారి సంగతిలో తను తప్పు, నెమళ్ళ సంగతిలోనూ తప్పే. ముసలితనంలో ప్రతి గాలీ తుపానులాగే అనిపిస్తుందేమో. ఇలా తన మీద తనకే అనుమానం పుట్టి, ఇంకో రెండు పూటలు చూద్దామని ఊరుకున్నాడు. చూశాడు. నీళ్ళు మోచేతికి దిగాయి. వారం తిరక్కముందే చెయ్యంతా ఇసుకలో పెట్టి, చెంప నేలకానిస్తే గానీ వేళ్ళ చివర్లు తడవలేదు. అప్పుడర్థమైంది ఆయనకు, తాత ముద్ద ఎందుకు పెట్టాడో. ఆ బండ వాగుకు అడ్డం పడిన గట్టు. ఆ నెర్రెలో మట్టి వాగుకు మూత. మూత తీశారు గనక పారుతోంది. పారేవి కొత్త నీళ్ళు కావు, తమ రోహిణి కార్తె నీళ్ళే ముందుగా పోతున్నాయి.

రోహిణిలో రోళ్ళే పగులుతాయంటారు. ఆ ఎండలకు తేనమ్మ ఏమవుతుంది?

నీళ్ళెక్కడికి పోతున్నాయో చూద్దామని వాగు వెంట కిందికి నడిచాడు. అడవి పొలిమేర దాటాక పెద్ద మడుగు. అది ఒక మొసలిది. నిరుటి వేసవిలో ఆ మడుగు సగం బురదగా ఉండేది. ఇప్పుడు అంచులు తాకుతూ నిండుగా ఉంది. ఒడ్డున వన్నెలయ్య కూర్చుని చేప తింటున్నాడు. గుబురయ్య తంగేడు పొద వెనక ఆగాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి వన్నెలయ్యా," అంది మొసలి. "మాట ప్రకారం మృగశిర దాకా రావాలి సుమా. అందుకే రోజూ నీకు చేప పెడుతున్నా."

"వస్తాయి, వస్తాయి."

"మీవాళ్ళు అడ్డుపడరు గదా?"

"వాళ్ళు చెలమల మొహం చూడ్డం మానేశారు. చూడనివాడికి ఎండిందని ఎలా తెలుస్తుంది? సభ గడిస్తే చాలు. పదవి ఖాయమయ్యాక ఎండిందనుకో, నెపం ఎండ మీద వేస్తా. ఎండను తిట్టడమంటే అందరికీ ఇష్టమే."

"నాకు మీ రాజకీయాలొద్దు. మృగశిర అన్నావు, మృగశిర దాకా రావాలి. రాకపోతే తిన్న చేపలు నీ ఒంట్లోంచే తీసుకుంటా."

వన్నెలయ్య నవ్వాడు. గుబురయ్య అక్కణ్ణించి మెల్లగా జారుకున్నాడు. పరుగుపరుగున వెనక్కి వచ్చి, దారిలో కనబడ్డ చెంగమ్మకు అంతా చెప్పాడు.

చెంగమ్మ శాంతంగా వింది. "తాతా, ఏమీ అనుకోకు. నీకు వన్నెలయ్యంటే మొదట్నుంచీ పడదు. అయినా నువ్వు వద్దన్నవన్నీ మాకు మంచే చేశాయి. నువ్వు వద్దంటేనే మాకు ధైర్యం."

"ఈసారి నిజం చెబుతున్నానే తల్లీ. ఒక్కసారి మీ చెలమలో చెయ్యి పెట్టి చూడు."

"వేపపూత రాలింది గదా, రేపు పదవి ఖాయం చేసే సభ ఉంది. అది కానీ, చూస్తాలే," అంది చెంగమ్మ.

సభ అయ్యాక చూసి లాభమేముంది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. సాయంత్రం గుహ ముందు కూర్చుని గుబురయ్య భార్యకు చెప్పుకున్నాడు.

"పోనీ మనిద్దరం రాత్రికి వెళ్ళి ఆ నెర్రె పూడ్చేద్దామా?" అంది తేనమ్మ.

"వన్నెలయ్య అక్కడ అడవిపందుల్ని కాపలా పెట్టాడు. పైగా ఇద్దరి ముద్దలతో నిండేది కాదే అది. అడవి మొత్తం మొయ్యాలి."

"మరి రేపు సభలో చెప్పు."

"ఏం చెప్పమంటావు? నేను 'వద్దు' అనగానే నవ్వుతారు. నవ్వాక వింటారా?"

తేనమ్మ విరిగిన కాలు చాపుకుని కూర్చుంది. "ఒక మాటంటాను, కోప్పడకు. ఇప్పదారికి వద్దన్నావు. నెమళ్ళకు వద్దన్నావు. నేను గుహ ముందు తులసి నాటుకుంటానంటే వద్దన్నావు. అక్కర్లేని చోటల్లా వాడి వాడి, నీ 'వద్దు'ను అరగదీశావయ్యా. ఇవాళ దాంతో పని పడింది, అది తెగడం లేదు."

గుబురయ్య తల దించుకున్నాడు. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా అది అబద్ధం కాదు.

"కానీ నీ 'ఔను' ఉంది చూశావూ," అంది ఆవిడ, "అది ఇంతవరకు ఎవరూ వినలేదు. కొత్తగానే ఉంది."

గుబురయ్య మెల్లగా తలెత్తి ఆవిడ వంక చూశాడు. వన్నెలయ్యను పొగడాలా? జన్మలో ఎవర్నీ పొగడని నోటితో? తలచుకుంటేనే నాలుక చేదెక్కింది. తేనమ్మ కాలు వంక చూసి ఆ చేదు మింగేశాడు.

మర్నాడు సభ నిండుగా ఉంది. గోరింక వన్నెలయ్య గొప్పలన్నీ చదివింది. కొమ్ములయ్య లేచి, "వన్నెలయ్యకు పదవి ఖాయం చేద్దామా? ఎవరైనా వద్దనేవాళ్ళున్నారా?" అన్నాడు. అందరి తలలూ గుబురయ్య వైపు తిరిగాయి. కొందరు ముందే నవ్వు సిద్ధం చేసుకున్నారు.

గుబురయ్య లేచాడు.

"ఔను," అన్నాడు. "పదవి ఖాయం చెయ్యాల్సిందే."

ఎవరూ నవ్వలేదు.

"ఏమన్నావు తాతా?" అంది చెంగమ్మ.

"ఖాయం చెయ్యాలన్నాను. మన వన్నెలయ్య లాంటి పెద్ద ఈ అడవికి మళ్ళీ దొరకడు. పారే వాగు ఇచ్చాడు. ఇక మనకు చెలమలెందుకు? పదవి ఇచ్చేముందు ఆ పాత గుంటలన్నీ పూడ్చేసి మరీ ఇద్దాం. నా చెలమ ముందు నేనే పూడుస్తా."

వన్నెలయ్యకు నమ్మబుద్ధి కాలేదు, అయినా ఒళ్ళు పొంగింది. మొండి ఎలుగే దారికొస్తే ఇక ఎదురెవరు? "చూశారా," అన్నాడు, "గుబురయ్య మావే ఒప్పుకున్నాడు. పూడ్చండి, పూడ్చండి."

"పూడుస్తాం సరే," అన్నాడు గుబురయ్య నిమ్మళంగా, "పద్ధతి ప్రకారం పూడ్చాలి. చెలమను ఆఖరి గుక్క తాగకుండా పూడిస్తే వాగుకు కోపమొస్తుంది. పదండి, ఎవరి చెలమలో వాళ్ళు ఒక్క గుక్క తాగి, మట్టి కప్పి వద్దాం. పెద్దాయన కూడా వస్తాడు. తొలి గుక్క ఆయనదే."

అప్పుడు వన్నెలయ్య మొహం మారింది. "ఇప్పుడెందుకులే మావా, ఎండగా ఉంది," అన్నాడు.

కానీ అడవి అప్పటికే కదిలింది. ఆఖరి గుక్క ఆచారం మీరితే అరిష్టమని అందరికీ భయం. అదీగాక, దారి పొడుగునా ఒకటే గుసగుస. "గుబురయ్య ఔనన్నాడు." "జన్మలో అనలేదు." "ఏదో తేడా ఉంది." "ఆయన ఔనన్నాడంటే నాకు భయంగా ఉందర్రా." వన్నెలయ్యను పొగిడిన ప్రతి మాటకూ వాళ్ళ అనుమానం ఒక మెట్టు పెరిగింది.

చెంగమ్మ తమ చెలమ దగ్గర కూర్చుని గబగబా తవ్వింది. పొడి ఇసుక. ఇంకా తవ్వింది. ఇంకా పొడి. కొమ్ములయ్య డెక్కలతో గీరాడు, దుమ్ము లేచింది. ఒక్కొక్క చెలమ దగ్గరా ఒక్కొక్క కుటుంబం మోకాళ్ళ మీద వంగి తవ్వుతూనే ఉంది. గోళ్ళ చప్పుడొకటే వినబడుతోంది. అందరిలోకీ లోతుగా ఉన్న గుబురయ్య చెలమలో మాత్రం అడుగున కాస్త తడి మెరిసింది. అందులోనూ గుక్కెడు లేదు.

చెంగమ్మ ఇసుక అంటిన మూతితో పైకి లేచింది. "తాతా, మన నీళ్ళేవి?"

"కింద మొసలి మడుగులో ఉన్నాయి," అన్నాడు గుబురయ్య. "మబ్బు కూడా లేకుండానే ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నాం. ఆ నెర్రె మూసేస్తే, మిగిలింది మిగులుతుంది. ఎంత మిగిలిందో నాకూ తెలియదు. మీ దయ."

అందరూ వన్నెలయ్య కోసం చూశారు. ఆయన అప్పటికే తోక చంకలో పెట్టుకుని ఉడాయించాడు. తిట్టుకోవడానికి కూడా ఎవరూ ఆగలేదు. కొమ్ముల మీద, మూతుల్లో, తొండాల్లో బంకమట్టి మోసుకుని నల్లబండకు పరుగెత్తారు. నిన్నటిదాకా కాపలా కాసిన అడవిపందులే అందరికన్నా పెద్ద ముద్దలు తెచ్చాయి. తేనమ్మ కుంటుకుంటూ వచ్చి తన ముద్ద కూడా పెట్టింది. పొద్దు వాలేసరికి పారకం ఆగింది.

మర్నాడు మొసలి మడుగుకు నీళ్ళు రాలేదు. వన్నెలయ్య అలవాటుగా చేప కోసం ఒడ్డున కూర్చున్నాడు, ఇంకో తీయని మాట చెప్పి గడుపుకుందామని. మొసలి మాటలు వినే రకం కాదు. వన్నెలయ్య ప్రాణంతో బయటపడ్డాడు గానీ తోక మడుగులోనే ఉండిపోయింది.

ఆ రోహిణి కార్తె అడవికి ఒక శిక్షలాగే గడిచింది. ఊట సగమే ఉండేది. రోజుకు ఒక్క పూటే తాగాలని కట్టుబాటు పెట్టుకున్నారు. ముసలి నెమలి ఒకటి ఆ ఎండలకు తట్టుకోలేక ప్రాణం విడిచింది. గుబురయ్య తన వంతు సగం తాగి, కడుపు నిండిందని అబద్ధమాడేవాడు. అది అబద్ధమని తేనమ్మకు తెలుసు. తెలిసీ ఏడుపు దిగమింగుకుని తాగేది.

ఒక మధ్యాహ్నం తోక లేని వన్నెలయ్య నాలుక వేలాడేసుకుని వచ్చాడు. "మావా, ఒక్క గుక్క."

అడవి మొత్తం గుబురయ్య ఏమంటాడా అని చూసింది. 'వద్దు' అన్న మాట నోటి చివరిదాకా వచ్చి ఆగింది.

"అదుగో ఇసుక. నీకు కాళ్ళున్నాయి. తవ్వుకో," అన్నాడు. "ఊరేదాకా కూర్చో. మేమంతా అలాగే కూర్చున్నాం."

వన్నెలయ్య తవ్వాడు. జన్మలో మొదటిసారి.

"తాతా," అంది చెంగమ్మ ఆ పక్క నుంచి, "చెలమల మీద కొమ్మలు కప్పితే ఎండకు ఇంత ఆరిపోదేమో. ఎవరూ చెయ్యని పనే అనుకో."

"వ..." అని గుబురయ్య ఆగాడు. తేనమ్మ ఆయన వంకే చూస్తోంది. "చెప్పు, విందాం," అన్నాడు.

మృగశిర తొలివాన ఒక సాయంత్రం పడింది. తడుస్తూనే ముసలిదంపతులు తమ చెలమ దగ్గరికొచ్చారు. అడుగున చారెడు నీళ్ళున్నాయి. తేనమ్మ సగం తాగి, సగం ఆయనకుంచింది. ఈసారి కడుపు నిండిందని ఆవిడ అంది. గుబురయ్య ఆఖరి గుక్క తాగి, గుంట పూడ్చి, వాగుకు దణ్ణం పెట్టాడు. తరవాత ఇద్దరూ ఇంటిదారి పట్టకుండా, వానలో మెల్లగా నడుచుకుంటూ నల్లబండ దగ్గరికెళ్ళి నెర్రెలో మట్టి గట్టిగా ఉందో లేదో చేత్తో నొక్కి చూసుకున్నారు.

పారేది చూసి మురిసేవాడికన్నా, ఊరేది చూసి తాగేవాడే ఎండాకాలం దాటుతాడు.